ఏడీహెచ్‌డీ పిల్లలకి బడిలో సాయం: పరీక్ష హాలు దాటి చూస్తే

అమెరికాలో చదివే తెలుగు పిల్లవాడికి ఏడీహెచ్‌డీ (ధ్యాస నిలవకపోవడం, కుదురు లేకపోవడం, తొందరపాటు కనిపించే సమస్య) ఉందని డాక్టర్ తేల్చాక తల్లిదండ్రుల వాట్సాప్ గ్రూపులో మొదట వచ్చే ప్రశ్న దాదాపు ఒకటే: "504 అడగాలా, ఐఈపీ అడగాలా?" (బడి చెయ్యాల్సిన సాయాన్ని రాసిపెట్టే రెండు రకాల ప్లాన్లు ఇవి.) హైదరాబాద్‌లోనో విజయవాడలోనో అదే పరిస్థితిలో ఉన్న తల్లి అడిగేది ఇంకొకటి: "బోర్డు పరీక్షలో ఎక్స్‌ట్రా టైం ఇస్తారా?" రెండూ న్యాయమైన ప్రశ్నలే. కాకపోతే ఒకటి కాగితం దగ్గర, రెండోది పరీక్ష దగ్గర ఆగిపోతుంది. ఈ పిల్లలు ఎక్కువగా తడబడేది మరెక్కడో: మధ్యాహ్నం అన్నం తిన్నాక వచ్చే లెక్కల పీరియడ్‌లో, హోంవర్క్ రాసుకోవాల్సిన ఆఖరి ఐదు నిమిషాల్లో, రాత్రి కష్టపడి రాసిన హోంవర్క్‌ని పొద్దున బ్యాగులోంచి తీసి ఇవ్వాల్సిన సమయంలో. బడి చేసే సాయం అక్కడికి చేరుతోందా అని చూస్తేనే ఏ ప్లాన్ ఎంత పనికొస్తుందో తెలుస్తుంది.

ఏడీహెచ్‌డీకి తెలివితేటలతో సంబంధం లేదు. ఏం చెయ్యాలో తెలిసినా, చెయ్యాల్సిన వేళకి చెయ్యలేకపోవడం ఇందులో అసలు చిక్కు. అమెరికన్ సైకాలజిస్ట్ రసెల్ బార్క్‌లీ దశాబ్దాలుగా ఇదే నొక్కి చెబుతూ వచ్చారు: లోటు ఆచరణలో ఉంది కాబట్టి సాయం కూడా పని జరిగే చోటే, జరిగే సమయానికే అందాలి. వారానికి ఒకసారి కౌన్సెలర్ గదిలో కూర్చోబెట్టి టైం మేనేజ్‌మెంట్ నేర్పితే, ఆ పాఠం చాలావరకు ఆ గదిలోనే ఉండిపోతుంది.

మానసిక సమస్యల నిర్ధారణకి డాక్టర్లు వాడే అమెరికన్ గ్రంథం డీఎస్ఎం-5 (2013) ప్రమాణాల ప్రకారం లక్షణాలు పన్నెండేళ్ల లోపే మొదలై ఉండాలి, కనీసం రెండు చోట్ల కనిపించాలి. ఇంట్లో ఒక్కచోటే అల్లరి చేసేవాడికి, బడిలో ఒక్క టీచర్ దగ్గరే మొండికేసేవాడికి ఈ పేరు అంటించకూడదని దాని ఉద్దేశం. అమెరికా ప్రజారోగ్య సంస్థ సీడీసీ 2022 సర్వే లెక్కలో, 3 నుంచి 17 ఏళ్ల పిల్లల్లో ఎప్పుడో ఒకప్పుడు ఏడీహెచ్‌డీ నిర్ధారణ అయినవాళ్లు సుమారు 71 లక్షలు, అంటే 11.4 శాతం. ముప్పై మంది ఉన్న తరగతిలో ముగ్గురు. వీళ్లలో గోల చెయ్యకుండా కిటికీలోంచి చూస్తూ ఉండిపోయే పిల్లలు, ముఖ్యంగా ఆడపిల్లలు, చాలా ఆలస్యంగా గుర్తింపుకి వస్తారు. టీచర్‌కి వాళ్ల వల్ల ఏ ఇబ్బందీ ఉండదు మరి.

రెండు చట్టాలు

504 అంటే 1973 నాటి పునరావాస చట్టంలో ఒక సెక్షన్ నంబర్. ఫెడరల్ ప్రభుత్వం డబ్బు తీసుకునే ఏ సంస్థా వైకల్యం కారణంగా ఎవరి మీదా వివక్ష చూపకూడదు అన్నది దాని సారం. చట్టం వచ్చింది కానీ, అమలు చెయ్యడానికి కావాల్సిన నిబంధనల మీద సంతకం పెట్టకుండా ప్రభుత్వం నాలుగేళ్లు నాన్చింది. 1977 ఏప్రిల్‌లో శాన్‌ఫ్రాన్సిస్కోలోని ఫెడరల్ భవనంలోకి వీల్‌చైర్లలో వెళ్లిన ఉద్యమకారులు మూడు వారాలకి పైగా అక్కడే మకాం వేశారు. జూడిత్ హ్యూమన్ వాళ్ల నాయకుల్లో ఒకరు. ఏప్రిల్ 28న సంతకం పడింది. 504 స్వభావం ఈ చరిత్రలోనే కనిపిస్తుంది. అది పౌరహక్కుల చట్టం. బడికి దాని కింద ఒక్క డాలర్ కూడా రాదు. వివక్ష చూపితే మాత్రం ఫిర్యాదు చెయ్యొచ్చు.

రెండోది వైకల్యం ఉన్న పిల్లల చదువు కోసం 1975లో వచ్చిన చట్టం. 1990లో దాని పేరు ఐడీఈఏ అయింది. ఐఈపీ, అంటే ఒక్కో పిల్లవాడి కోసం విడిగా రాసే విద్యా ప్రణాళిక, దీని కింద వస్తుంది. దీనికి ఫెడరల్ నిధులున్నాయి. అదనంగా అయ్యే ఖర్చు కోసం దేశ సగటు తలసరి విద్యా వ్యయంలో 40 శాతం దాకా ఇస్తామని కాంగ్రెస్ అప్పట్లో మాటిచ్చింది, ఆ మాట ఏనాడూ నెరవేరలేదు. మీటింగుల్లో బడి వాళ్లు "మా దగ్గర స్టాఫ్ లేరు" అనడం వెనక ఈ కథ కూడా ఉంది. అయితే స్టాఫ్ లేకపోవడం చట్టం ముందు సాకుగా చెల్లదు.

ఐడీఈఏలో 13 రకాల వైకల్యాలు ఉన్నాయి. ఏడీహెచ్‌డీ వాటిలో విడిగా లేదు. 1990లో చేర్చాలని గట్టిగానే వాదన జరిగింది, చేర్చలేదు. బదులుగా 1991 సెప్టెంబర్‌లో విద్యాశాఖ ఒక మెమో పంపింది: 'ఇతర ఆరోగ్య లోపాలు' అనే వర్గం కింద ఈ పిల్లలు అర్హులు కావచ్చు అని. 1999 నిబంధనల్లో ఆ వర్గం కింద ఏడీహెచ్‌డీ పేరు నేరుగా ఎక్కింది. అందుకే ఐఈపీ కాగితం మీద ఓహెచ్ఐ అన్న మూడక్షరాలు చూసి "మా వాడి ఆరోగ్యానికేం, బాగానే ఉన్నాడుగా" అని తల్లిదండ్రులు కంగారు పడుతుంటారు. చుట్టూ వినిపించే ప్రతి శబ్దానికీ కదలికకీ ధ్యాస మళ్లిపోయి చదువు మీద నిలవకపోవడం కూడా చట్టం దృష్టిలో ఆ వర్గంలోదే.

అమెరికా వైకల్య హక్కుల చట్టానికి (ఏడీఏ) 2008లో చేసిన సవరణ 504కి కూడా వర్తించింది. ఏకాగ్రత, చదవడం, ఆలోచించడం ముఖ్యమైన జీవన క్రియలని అందులో స్పష్టంగా రాశారు. మందు వేసుకుంటే బాగానే ఉంటున్నాడు కాబట్టి అర్హత లేదు అనడానికి కూడా వీల్లేకుండా చేశారు. మందుల విషయంలో 2004 నాటి ఐడీఈఏ సవరణ మరో రక్షణ ఇచ్చింది: మందు వాడితేనే బడికి రానిస్తాం, వాడితేనే పరీక్షించి చూస్తాం అనే షరతు బడి పెట్టకూడదు. మందు వెయ్యాలా వద్దా అన్నది ఇంట్లోవాళ్లు, డాక్టర్ తేల్చుకోవాల్సిన సంగతి.

మరి ఏది అడగాలి? చెప్పే పాఠం అదే ఉండి, దాన్ని అందుకోవడానికి అడ్డంకులు తీసేస్తే చాలనుకుంటే 504. చెప్పే తీరే మార్చాలి, పని మొదలుపెట్టడం, పుస్తకాలు సర్దుకోవడం లాంటివి విడిగా నేర్పాలి అంటే ఐఈపీ. ఐఈపీలో కొలవగలిగే వార్షిక లక్ష్యాలు ఉండాలి, వాటిలో ఎంతవరకు వచ్చాడో తల్లిదండ్రులకి తెలియజెయ్యాలి, ఏడాదికి ఒకసారైనా ప్లాన్‌ని తిరిగి చూడాలి, మూడేళ్లకి ఒకసారి పిల్లవాడి అవసరాలని మళ్లీ పరీక్షించాలి (ఇవాల్యుయేషన్). బడి చేసిన పరీక్ష నచ్చకపోతే బయటి నిపుణుడితో ప్రభుత్వ ఖర్చు మీద చేయించమని అడిగే హక్కూ ఉంది. 504 దీనితో పోలిస్తే పల్చన. లక్ష్యాలు రాయమని గానీ, ప్రగతి నివేదికలు ఇవ్వమని గానీ దాని నిబంధనలు అడగవు. బడులు ముందుగా 504 ఇవ్వజూపడానికి ఇదొక కారణం. చాలామంది పిల్లలకి అది సరిపోతుంది కూడా. కానీ ఏడాది గడిచినా అదే హోంవర్క్ గొడవ, అవే సున్నాలు నడుస్తుంటే, సరిపోలేదని ఒప్పుకుని ఐఈపీ కోసం పరీక్ష చెయ్యమని అడగాల్సిందే.

ఐఈపీ ఎంత మంచిగా ఉండాలి అన్న ప్రశ్న సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. 1982 నాటి రౌలీ కేసులో కోర్టు పెట్టిన కొలత చాలా కిందికి ఉండేది. 2017లో ఎండ్రూ ఎఫ్. కేసులో ప్రధాన న్యాయమూర్తి జాన్ రాబర్ట్స్ రాసిన ఏకగ్రీవ తీర్పు దాన్ని పైకి జరిపింది: నామమాత్రపు మెరుగుదల చాలదు, ఆ పిల్లవాడి పరిస్థితికి తగిన ప్రగతి సాధించేలా ప్లాన్ ఉండాలి. ఆ కేసులో పిల్లవాడికి ఉన్నది ఆటిజం, ఏడీహెచ్‌డీ కాదు. అయినా ఏడాది తర్వాత ఏడాది అవే లక్ష్యాలు కాపీ అవుతున్న ప్రతి ఐఈపీకీ ఆ తీర్పు వర్తిస్తుంది.

"మార్కులు బాగానే వస్తున్నాయి కదా"

తెలుగు కుటుంబాలకి ఎక్కువగా ఎదురయ్యే జవాబు ఇది. పిల్లకి 'ఏ' గ్రేడ్లే వస్తుంటాయి. ఆ 'ఏ' వెనక అమ్మ రోజూ రాత్రి పక్కన కూర్చుని ఒక్కో లెక్కా చేయించడం, నాన్న పోర్టల్ చూసి మిస్సింగ్ అసైన్‌మెంట్లు వెతకడం, ఆదివారాలు ట్యూషన్ ఉంటాయి. బడికి ఆ శ్రమ కనిపించదు. ఐడీఈఏ నిబంధనలు మాత్రం తేటగా చెబుతాయి: ఫెయిల్ అవ్వకపోయినా, ప్రతి ఏడూ పై తరగతికి వెళ్తున్నా, పిల్లవాడు అర్హుడు కావచ్చు. 2016 జులైలో విద్యాశాఖ పౌరహక్కుల విభాగం ప్రత్యేకంగా ఏడీహెచ్‌డీ విద్యార్థుల కోసమే ఒక మార్గదర్శిని పంపింది. అంతకు ముందు ఐదేళ్లలో బడుల్లో వైకల్య వివక్ష మీద వచ్చిన 16,000కి పైగా ఫిర్యాదుల్లో పది శాతానికి మించి ఏడీహెచ్‌డీవే కావడం దానికి కారణం.

నోటితో అడిగితే గడియారం మొదలవ్వదు. పరీక్ష చెయ్యమని రాసి ఇవ్వాలి. తేదీ ఉన్న ఈమెయిల్ చాలు. ఫెడరల్ నియమం ప్రకారం తల్లిదండ్రుల అంగీకారం అందాక 60 రోజుల్లో పరీక్ష ముగియాలి, రాష్ట్రం సొంత గడువు పెట్టుకుంటే అది వర్తిస్తుంది. టెక్సస్‌లో రాతపూర్వక అభ్యర్థనకి 15 బడి రోజుల్లో జవాబివ్వాలి, అంగీకారం తర్వాత 45 బడి రోజుల్లో నివేదిక రావాలి. ఫ్రిస్కో, ప్లేనో వైపు తెలుగువాళ్లు 'ఆర్డ్ మీటింగ్' అనేది అక్కడి ఐఈపీ సమావేశాన్నే. "ముందు కొన్నాళ్లు తరగతిలో వేరే పద్ధతులు ప్రయత్నిద్దాం, తర్వాత చూద్దాం" అన్న మాట తరచు వినిపిస్తుంది. ప్రయత్నించొచ్చు, తప్పు లేదు. కానీ ఆ పేరుతో పరీక్షని వాయిదా వెయ్యకూడదని విద్యాశాఖ 2011 జనవరిలోనే రాష్ట్రాలకి రాసింది.

టెక్సస్ పేరు వచ్చింది కాబట్టి ఒక పాత గాయం సంగతి చెప్పాలి. 2004లో ఆ రాష్ట్ర విద్యా సంస్థ ప్రత్యేక విద్య పొందే పిల్లలు మొత్తం విద్యార్థుల్లో 8.5 శాతం దాటకుండా ఉండేలా ఒక కొలత పెట్టింది. దేశ సగటు అప్పుడు 13 శాతం దగ్గర ఉండేది. బయటికి ప్రకటించని ఈ పరిమితిని 2016లో హ్యూస్టన్ క్రానికల్ పరిశోధన బయటపెట్టింది. 2017లో శాసనసభ దాన్ని నిషేధించింది, 2018 జనవరిలో ఫెడరల్ విద్యాశాఖ రాష్ట్రం చట్టాన్ని ఉల్లంఘించిందని తేల్చింది. ఆ పన్నెండేళ్లలో డాలస్, హ్యూస్టన్ శివార్లలో స్థిరపడ్డ తెలుగు కుటుంబాలు వేలల్లో ఉంటాయి. "మీ వాడికి అవసరం లేదు" అన్న మాట నమ్మి వెనక్కొచ్చిన వాళ్లు వాళ్లలోనూ ఉండే ఉంటారు.

హెచ్-1బీ కుటుంబాల్లో ఇంకో భయం ఉంది: పిల్లవాడి మీద ముద్ర పడుతుందని, వీసాకో గ్రీన్‌కార్డుకో అడ్డొస్తుందని. హెచ్-4 మీద ఉన్న పిల్లవాడికీ పౌరుడైన పిల్లవాడికీ బడిలో ఈ హక్కులు ఒక్కటే. వలస హోదా చూసి ప్రభుత్వ బడి చదువు నిరాకరించకూడదని సుప్రీంకోర్టు 1982లోనే చెప్పింది. ఐఈపీ బడి రికార్డులో ఉంటుంది, ఆ రికార్డు గోప్యత చట్టం కిందిది. ఇంగ్లీషు తడబడే తల్లిదండ్రులకి ఐఈపీ మీటింగులో దుబాసీని ఏర్పాటు చెయ్యడం బడి బాధ్యత. పిల్లవాడే తల్లికి అనువదించే మీటింగు అంటే, వాడి తప్పుల గురించి వాడే చెప్పుకునే పరిస్థితి. అది ఎవరికీ మంచిది కాదు.

ఉద్యోగం మారి న్యూజెర్సీ నుంచి టెక్సస్‌కి వెళ్లే కుటుంబాలకి ఇంకో విషయం. ఐఈపీ ఉంటే, కొత్త బడి అవసరమైతే సొంతంగా పరీక్షించి కొత్త ప్లాన్ రాసేదాకా, పాతదానికి సమానమైన సేవలు ఇవ్వాలి. సామాను లారీలో పంపినా ఈ ఫైలు మాత్రం చేతి సంచిలో ఉండాలి.

ప్లాన్‌లో ఏం రాయాలి

ఇప్పుడు అసలు విషయం. అమెరికా ప్లాన్లలో ఏడీహెచ్‌డీకి అతి తరచుగా కనిపించే సర్దుబాటు పరీక్షల్లో, అసైన్‌మెంట్లలో అదనపు సమయం. దీనికి ఉన్న ఆధారం చూస్తే ఆశ్చర్యం కలుగుతుంది. 2010లో ప్రచురితమైన ఒక అధ్యయనంలో ఈ పిల్లలకి బడి పని మామూలు సమయంతో ఒకసారి, పొడిగించిన సమయంతో ఒకసారి ఇచ్చి చూశారు. ఎక్కువ సమయం వల్ల పని మెరుగుపడలేదు. నిమిషానికి చేసిన లెక్కలు తక్కువ సమయం ఇచ్చినప్పుడే ఎక్కువ. 2021లో బెంజమిన్ లవెట్, జేసన్ నెల్సన్ అప్పటిదాకా వచ్చిన పరిశోధనలన్నీ సమీక్షించి, ఏడీహెచ్‌డీ పిల్లలకి ఇచ్చే సర్దుబాట్లలో చాలావాటికి గట్టి ఆధారం లేదని రాశారు. చిన్న తరగతుల వాళ్లకి ప్రశ్నలు చదివి వినిపించడం లాంటిది ఒకటి రెండు మినహాయింపులు.

ఆలోచిస్తే ఇందులో వింతేమీ లేదు. గంట పరీక్షలో ఇరవయ్యో నిమిషానికే ధ్యాస జారిపోయేవాడికి ఇంకో అరగంట కలిపితే, జారిపోవడానికి ఇంకో అరగంట దొరికినట్టే. సమయం పొడిగించేకన్నా పేపర్‌ని మూడు ముక్కలు చేసి మధ్యలో లేచి తిరగనివ్వడం చాలామందికి ఎక్కువ ఉపయోగం. అదే పిల్లవాడికి ఏడీహెచ్‌డీతో పాటు డిస్లెక్సియా (చదవడంలో ఇబ్బంది) కూడా ఉంటే లెక్క మారుతుంది. అక్షరాలు కూడబలుక్కోవడానికి సమయం నిజంగానే కావాలి. ఏడీహెచ్‌డీ ఉన్న పిల్లల్లో చాలామందికి ఇలాంటి రెండో సమస్య ఉంటుంది కాబట్టి అదనపు సమయాన్ని గంపగుత్తగా కొట్టిపారెయ్యలేం. ఎందుకు అడుగుతున్నామో తెలిసి అడగాలి, అంతే.

అదనపు సమయం మీద ఇంత మోజు రావడానికి కాలేజీ ప్రవేశాల కోసం రాసే శాట్ లాంటి పరీక్షల పాత్ర తక్కువేమీ కాదు. 2019లో న్యూయార్క్ టైమ్స్ ఫెడరల్ లెక్కలు విశ్లేషిస్తే, అత్యంత సంపన్నమైన ఒక శాతం స్కూల్ డిస్ట్రిక్టుల్లో 504 ఉన్న విద్యార్థులు 5.8 శాతం, దేశ సగటు 2.7 శాతం అని తేలింది. అదే ఏడాది బయటపడ్డ కాలేజీ అడ్మిషన్ల కుంభకోణంలో, పరీక్షకి అదనపు సమయం కోసం వైకల్య నిర్ధారణ సంపాదించమని దళారీ తల్లిదండ్రులకి సలహా ఇచ్చినట్టు కోర్టు పత్రాల్లో ఉంది. ఒకవైపు అవసరం లేనివాడికి అదనపు సమయం, మరోవైపు అవసరమున్న పేదింటి పిల్లవాడికి సస్పెన్షన్. ఈ వ్యవస్థలో నిజంగా సిగ్గుపడాల్సింది ఇక్కడే.

మరి పనిచేసేది ఏది? ఎక్కువ ఆధారం ఉన్నవాటిలో ఒకటి చాలా చవకైనది: రోజువారీ రిపోర్ట్ కార్డు. విలియం పెల్హామ్, గ్రెగరీ ఫాబియానో లాంటి పరిశోధకులు దీని మీద ఏళ్ల తరబడి పనిచేశారు. ఒక చిన్న కార్డు మీద మూడు నుంచి ఐదు లక్ష్యాలు ఉంటాయి. "బుద్ధిగా ఉండాలి" లాంటివి పనికిరావు. "పని ఇచ్చిన రెండు నిమిషాల్లో పెన్సిల్ పట్టి మొదలుపెట్టాలి, రెండుసార్లకి మించి గుర్తుచేయించుకోకూడదు" అనేది లక్ష్యం. పీరియడ్ అయ్యాక టీచర్ అవును, కాదు అని టిక్కు పెట్టి ఒక్క మాట చెబుతారు. కార్డు ఇంటికి వస్తుంది. అనుకున్నన్ని టిక్కులుంటే ఆ సాయంత్రమే చిన్న బహుమానం, అరగంట ఆటో, ఫోనో, నచ్చిన టిఫినో. నెలాఖరుకి సైకిల్ కొనిస్తానంటే ఈ పిల్లలకి అది ఎప్పుడో వచ్చే జన్మలోని మాట. ఫలితం ఎంత త్వరగా చేతికందితే అంత పని చేస్తుంది. లక్ష్యాలు మొదట్లో సులువుగా ఉండాలి, వాడు గెలవడం అలవాటు చేసుకున్నాకే పెంచాలి. ఐఈపీ ఉన్న ఏడీహెచ్‌డీ పిల్లల మీద ఫాబియానో బృందం 2010లో చేసిన అధ్యయనంలో, ఈ కార్డు కలిపిన పిల్లలు మామూలు ప్రత్యేక విద్య మాత్రమే పొందినవాళ్లకన్నా తరగతి ప్రవర్తనలో మెరుగ్గా వచ్చారు.

ప్లాన్‌లో రాసే ప్రతి వాక్యానికీ, జరిగిందో లేదో టిక్కు పెట్టగలమా అన్న ఇదే పరీక్ష పెట్టొచ్చు. "అవసరమైనప్పుడు టీచర్లు గుర్తుచేస్తారు" అన్న వాక్యం అమెరికా 504 కాగితాల్లో లెక్కలేనన్ని చోట్ల ఉంటుంది. ఏ టీచర్? ఎప్పుడు? అవసరమైందని ఎవరు నిర్ణయిస్తారు? పదిమందిలో పాము చావదు అన్నట్టు, మిడిల్ స్కూల్లో ఆరుగురు టీచర్లుంటే ఆరుగురూ ఇంకొకరు గుర్తుచేస్తారులే అనుకుంటారు. దాని బదులు "ఆఖరి పీరియడ్ టీచర్, గంట కొట్టడానికి ఐదు నిమిషాల ముందు, డైరీలో హోంవర్క్ రాసుకున్నాడో లేదో చూసి సంతకం పెడతారు" అని రాస్తే, జరిగిందో లేదో ఎవరైనా చెప్పగలరు. "ముందు వరుసలో సీటు" కూడా ఇలాంటిదే. ముందు వరుస తలుపు పక్కనైతే వచ్చేపోయే వాళ్లందర్నీ చూస్తాడు. టీచర్ ఎక్కువసేపు నిలబడే చోటికి దగ్గరగా, తలుపుకీ కిటికీకీ దూరంగా, నెమ్మదైన పిల్లల మధ్య అని రాయాలి.

పని పరిమాణం తగ్గించడం గురించి తెలుగు తల్లిదండ్రులకి సాధారణంగా అనుమానం. ముప్పై లెక్కల బదులు పన్నెండే చేస్తే వెనకబడిపోడా అని. పన్నెండింటిలో పద్ధతి వచ్చిందని తేలితే మిగతా పద్దెనిమిదీ నేర్పేది లెక్కలు కాదు, లెక్కలంటే విసుగు. పెద్ద ప్రాజెక్టుని ముక్కలుగా చేసి ఒక్కోదానికి విడి గడువు పెట్టడం, ఇంట్లో ఉంచుకోవడానికి రెండో సెట్టు పుస్తకాలు ఇవ్వడం, లేచి తిరగడానికి ఏదో ఒక పని అప్పజెప్పడం ఇవన్నీ పెద్దగా ఖర్చు లేనివి. ఒకటి మాత్రం చెయ్యకూడదు: ఆటల పీరియడ్ తీసేసి ఆ టైంలో మిగిలిన పని చేయించడం. రోజంతా కూర్చోలేక అల్లాడే పిల్లవాడికి పరిగెత్తే ఆ ఇరవై నిమిషాలు కూడా లాగేస్తే మధ్యాహ్నం ఇంకా కష్టమవుతుంది. అమెరికా బడుల్లోనూ మన బడుల్లోనూ ఈ శిక్ష ఎంత మామూలో చెప్పక్కర్లేదు.

శిక్షల విషయంలో ఒక చట్టపు రక్షణ తెలిసి ఉండాలి. వైకల్యం ఉన్న విద్యార్థిని వరసగా 10 బడి రోజులకి మించి బయట ఉంచాలంటే, ముందు ఆ ప్రవర్తన వైకల్యం వల్ల వచ్చిందా అని బృందం కూర్చుని తేల్చాలి. వైకల్యం వల్లనే అని తేలితే, ఆయుధాలు, మత్తుమందులు, తీవ్రమైన గాయం లాంటి ప్రత్యేక సందర్భాలు తప్పిస్తే, తిరిగి తరగతిలోకి తీసుకోవాలి. ఎదురు తిరిగి మాట్లాడాడనో, వరసలో నిలబడలేదనో ఇంటికి పంపేసే బడులకి ఇది కళ్లెం.

కాగితం బాగున్నా బడి అమలు చెయ్యకపోతే పౌరహక్కుల విభాగానికి ఫిర్యాదు ఒక మార్గంగా ఉంటూ వచ్చింది. 2025 మార్చిలో విద్యాశాఖ సిబ్బందిని దాదాపు సగానికి తగ్గిస్తూ, ఆ విభాగపు 12 ప్రాంతీయ కార్యాలయాల్లో 7 మూసేస్తున్నట్టు ప్రకటించింది. డాలస్, న్యూయార్క్, శాన్‌ఫ్రాన్సిస్కో, షికాగో వాటిలో ఉన్నాయి. తెలుగువాళ్లు ఎక్కువగా ఉండే ఊళ్ల పేర్లు వరసగా చదివినట్టుంది. హక్కు చట్టంలో అలాగే ఉంది. దాన్ని అడిగే కిటికీలు తగ్గాయి. రాష్ట్ర విద్యాశాఖకి ఫిర్యాదు, మధ్యవర్తిత్వం, విచారణ అధికారి ముందు కేసు అనే దారులు మిగిలి ఉన్నాయి.

మన దగ్గర

2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టం 2017 ఏప్రిల్ 19 నుంచి అమల్లోకి వచ్చింది. అందులో 21 రకాల వైకల్యాలున్నాయి. డిస్లెక్సియా, డిస్‌గ్రాఫియా (రాయడంలో ఇబ్బంది) లాంటివి 'నిర్దిష్ట అభ్యసన వైకల్యాలు' కింద ఉన్నాయి, ఆటిజం ఉంది. ఏడీహెచ్‌డీ లేదు. కాబట్టి సదరం సర్టిఫికెట్ (ప్రభుత్వం ఇచ్చే వైకల్య ధ్రువపత్రం) కోసం వెళ్తే ఏడీహెచ్‌డీకంటూ విడి గడి ఉండదు. పిల్లవాడికి పక్కనే డిస్లెక్సియా కూడా ఉంటే దాని పేరు మీద సర్టిఫికెట్ తెచ్చుకుని సీబీఎస్ఈలో మూడు గంటల పేపర్‌కి గంట అదనపు సమయం లాంటి వెసులుబాట్లు పొందుతున్నారు. ఒట్టి ఏడీహెచ్‌డీ మాత్రమే ఉన్నవాడికి ఆ తలుపు మూసే ఉంటుంది.

న్యాయస్థానాలు కొంత తెరిచాయి. 2021 ఫిబ్రవరి 11న వికాశ్ కుమార్ కేసులో, రాసేటప్పుడు చెయ్యి కొంకర్లు పోయే సివిల్స్ అభ్యర్థికి, 40 శాతం వైకల్యం లేకపోయినా సహాయకుడితో రాయించుకునే హక్కు ఉందని సుప్రీంకోర్టు చెప్పింది. 40 శాతం అన్న గీత రిజర్వేషన్ లాంటి వాటికే గానీ, తగిన సర్దుబాటు పొందే హక్కుకి కాదన్నది జస్టిస్ డి.వై. చంద్రచూడ్ తీర్పు సారం. దాని తర్వాత 2022 ఆగస్టులో కేంద్రం మార్గదర్శకాలు ఇచ్చింది, కానీ అవి రాయడంలో ఇబ్బంది ఉన్నవాళ్ల వరకే. చేతికి రాయడం వస్తుంది, ధ్యాసే నిలవదు అనే పిల్లవాడు వాటిలోనూ ఇమడడు. భారతదేశంలో ఈ సర్దుబాట్ల ఆలోచన అంతా స్క్రైబ్ (బదులు రాసిపెట్టే సహాయకుడు) చుట్టూ, పరీక్ష గంటల చుట్టూ అల్లుకుంది.

అయితే 2016 చట్టంలోని సెక్షన్ 16ని జాగ్రత్తగా చదవాలి. ప్రభుత్వ గుర్తింపు ఉన్న ప్రతి విద్యాసంస్థా, ప్రైవేటు బడితో సహా, వైకల్యం ఉన్న పిల్లల అవసరాన్ని బట్టి తగిన సర్దుబాటు చేసేలా చూడాలని అందులో ఉంది. 40 శాతం ప్రస్తావన లేదు. ఇంకా ముఖ్యమైన సంగతి, పైన చెప్పుకున్న రోజువారీ సాయాల్లో ఒక్కదానికి కూడా ఏ బోర్డు అనుమతీ, ఏ సర్టిఫికెట్టూ అక్కర్లేదు. సీటు మార్చడానికి, డైరీ మీద సంతకం పెట్టడానికి, కార్డు మీద టిక్కు కొట్టడానికి ప్రిన్సిపాల్ ఒప్పుకుంటే చాలు. సర్టిఫికెట్ లేదు కాబట్టి ఏమీ చెయ్యలేం అనే బడి, చట్టాన్ని అడ్డం పెట్టుకుని పని తప్పించుకుంటున్నట్టే లెక్క.

చేసే మనుషులు ఉన్నారా అన్నది వేరే ప్రశ్న. ప్రత్యేక అవసరాల పిల్లలకి ప్రాథమిక స్థాయిలో పదిమందికి ఒకరు, ఆపై తరగతుల్లో పదిహేనుమందికి ఒకరు స్పెషల్ ఎడ్యుకేటర్ ఉండాలన్న నిష్పత్తిని సుప్రీంకోర్టు 2021లో రజనీష్ కుమార్ పాండే కేసులో ఖరారు చేసింది. రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ సమగ్ర శిక్ష కింద ప్రత్యేక అవసరాల పిల్లల కోసం భవిత కేంద్రాలు, వాటిలో ఈ పిల్లలకి బోధించే రిసోర్స్ పర్సన్లు (ఐఈఆర్‌పీలు) ఉన్నారు. వాళ్ల సమయం ఎక్కువగా మేధో వైకల్యం, సెరిబ్రల్ పాల్సీ, వినికిడి లోపం ఉన్న పిల్లలకే చాలడం లేదు. ఏడీహెచ్‌డీ పిల్లవాడు వాళ్ల దాకా రాడు. వాడు యాభైమంది ఉన్న సెక్షన్‌లో వెనక బెంచీలో 'అల్లరి పిల్లోడు'గా ఉంటాడు. రెసిడెన్షియల్ జూనియర్ కాలేజీకి చేరాక పరిస్థితి ఇంకా బిగుసుకుంటుంది. కదలకుండా మూడేసి గంటల స్టడీ అవర్లు, వారం వారం ర్యాంకులు, ఆటలు లేవు. ఏడీహెచ్‌డీ ఉన్నవాడు ఓడిపోవడానికి ఎవరైనా పనిగట్టుకుని టైంటేబుల్ తయారుచేస్తే దాదాపు ఇలాగే ఉంటుంది. ఇంటర్‌లో వేసే ముందు డే స్కాలర్‌గా చదివే వీలుందా, మధ్యలో విరామం దొరుకుతుందా అని చూసుకోవడం ర్యాంకుల హోర్డింగు చూడటం కన్నా ముఖ్యం.

పద్దెనిమిది దాటాక

అమెరికాలో ఐఈపీ హైస్కూల్ డిప్లొమాతో ముగుస్తుంది. కాలేజీలో 504, వైకల్య హక్కుల చట్టం ఉంటాయి గానీ, బడి తనంతట తాను వెతికి గుర్తించాల్సిన బాధ్యత పోతుంది. విద్యార్థి తనే డిసబిలిటీ సర్వీసెస్ ఆఫీసుకి వెళ్లి నమోదు చేసుకోవాలి. తల్లిదండ్రులు ఫోన్ చేస్తే మాట్లాడరు. అందుకని పదో తరగతి నుంచే పిల్లవాడిని తన ప్లాన్ మీటింగులో కూర్చోబెట్టి, తనకి ఏది కష్టమో తన నోటితో చెప్పించడం మొదలుపెట్టాలి.

ఎం.ఎస్. కోసం వెళ్లే మన విద్యార్థులకీ ఇదే వర్తిస్తుంది. ఎఫ్-1 వీసా మీద ఉన్నా క్యాంపస్‌లో ఆ సర్దుబాట్లు అడిగే హక్కు ఉంది, కానీ ఇండియాలో వాడుతున్న మందుల చీటీ ఒక్కటే చూపిస్తే చాలా యూనివర్సిటీలు ఒప్పుకోవు. బయల్దేరే ముందే సైకియాట్రిస్ట్ లేదా క్లినికల్ సైకాలజిస్ట్ దగ్గర ఇంగ్లీషులో వివరమైన నివేదిక తీసుకోవాలి. ఏ ప్రమాణాలతో, ఏ పరీక్షలతో, ఎప్పుడు నిర్ధారించారు, చిన్నప్పటి నుంచి లక్షణాలు ఎలా ఉన్నాయి, ఇప్పుడు చదువులో ఏ పని ఎలా దెబ్బతింటోంది, ఏ సర్దుబాటు ఎందుకు కావాలి అన్నవి అందులో ఉండాలి. కొత్తగా అక్కడే పరీక్ష చేయించుకోవాలంటే వందల నుంచి వేల డాలర్లు అవుతుంది, అపాయింట్‌మెంట్ వచ్చేసరికి మొదటి సెమిస్టర్ మిడ్‌టర్మ్‌లు అయిపోతాయి.